జానపద గాయకుని హక్కు: చట్టం, ఆచరణ

1957 నాటి కాపీరైట్ చట్టం పాట రాసినవారిని, స్వరపరచినవారిని కర్తలుగా గుర్తించింది. పాడినవారికి హక్కు కల్పించలేదు. 1994 సవరణ ప్రదర్శకుల హక్కును చేర్చినా, సినిమాలో వాడుకొనుటకు గాయకుడు ఒకసారి సమ్మతిస్తే ఆ హక్కు అక్కడితో ముగిసేది. 2012 సవరణతో వాణిజ్య వినియోగంపై రాయల్టీ పొందే వీలు కలిగింది.

తెలంగాణ జానపదులకు ఈ మార్పు కీలకం. తరతరాలుగా నోటి మాటగా వచ్చిన పాటకు చట్టం దృష్టిలో కర్త లేడు. కనుక గాయకునికి మిగిలే ప్రధానాధారం ప్రదర్శకుని హక్కే.

పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్య గళం 2021లో ‘భీమ్లా నాయక్’ పాట ఆరంభంలో వినిపించింది. 2022లో ఆయనకు పద్మశ్రీ లభించింది. అయితే గౌరవం వేరు, యాజమాన్యం వేరు. సంతకానికి ముందే రాయల్టీ షరతును గాయకునికి తెలుగులో చదివి వినిపించినప్పుడే చట్టం ఆచరణలోకి వచ్చినట్లు.