మిర్రర్ డింగీ

మిర్రర్ డింగీ బ్రిటన్‌లో 1962లో రూపుదిద్దుకున్న చిన్న తెరచాప పడవ. వడ్రంగం నేర్వని వాళ్లు కూడా ఇంటి దగ్గరే కట్టుకోగలగాలన్నది దీని వెనుక ఉన్న ఉద్దేశం. పొడవు 3.3 మీటర్లు, వెడల్పు దాదాపు 1.4 మీటర్లు, ఒట్టి పడవ బరువు సుమారు 45 కిలోలు. బ్యారీ బక్నెల్, జాక్ హోల్ట్ దీని రూపకర్తలు. ప్రోత్సహించిన ‘డెయిలీ మిర్రర్’ దినపత్రిక పేరే పడవకు వచ్చింది. ఇప్పటివరకు 70,000కు పైగా మిర్రర్ పడవలు తయారయ్యాయి. ప్లైవుడ్ పలకలను రాగి తీగతో కుట్టి, కుట్లను రెసిన్‌తో అతికే పద్ధతిని లోకానికి పరిచయం చేసిన పడవగా దీనికి చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది.

పూర్వరంగం

పాత పద్ధతిలో పడవ కట్టాలంటే ఏళ్ల తరబడి గురువు దగ్గర పని నేర్చుకోవాలి. ఆవిరి పట్టి చెక్కలను వంచాలి, ఒక్కో పలకనూ పక్క పలకకు సరిపోయేలా చిత్రిక పట్టాలి, రాగి మేకులతో బిగించాలి. అంత పనితనానికి కూలి ఇచ్చుకోలేని సామాన్యులకు సొంత పడవ దూరంగానే ఉండిపోయింది.

రెండో ప్రపంచ యుద్ధం ఈ పరిస్థితిని మార్చింది. చెక్క విమానాల కోసం మెరుగుపరచిన నీటికి ఊడని జిగుర్లు, గట్టి ప్లైవుడ్ యుద్ధానంతరం పడవల పనికి అందివచ్చాయి. 1947లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం క్లియర్‌వాటర్‌లో క్లార్క్ మిల్స్ పిల్లల కోసం ‘ఆప్టిమిస్ట్’ను రూపొందించాడు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో ‘యాటింగ్ వరల్డ్’ పత్రిక కోసం జాక్ హోల్ట్ ‘కేడెట్’ను, 1956లో ‘న్యూస్ క్రానికల్’ దినపత్రిక కోసం ‘ఎంటర్‌ప్రైజ్’ను తయారుచేశాడు. ఇవన్నీ ఇంట్లో కట్టుకోదగిన ప్లైవుడ్ పడవలే. అయితే పలకలు కలిసే చోట లోపల చెక్క బద్దలు అమర్చి, వాటి అంచులను సరైన ఏటవాలులో చెక్కాల్సి వచ్చేది. కొత్తవాళ్ల చెయ్యి తడబడేది అక్కడే.

పుట్టుక

బక్నెల్ బీబీసీ టెలివిజన్‌లో ఇంటి మరమ్మతులను ఎవరికి వారు చేసుకోవడం నేర్పి ఇంటింటా పేరు తెచ్చుకున్నవాడు. పలకలను కుట్టి అతికే పద్ధతిని అంతకుముందే కెన్ లిటిల్‌డైక్ అనే ఉపాధ్యాయుడు కయాక్‌ల తయారీలో వాడాడు. బక్నెల్ దాన్ని తెరచాప పడవకు తెచ్చాడు. హోల్ట్ పడవ ఆకృతిని, తెరచాప అమరికను తీర్చిదిద్దాడు. 1963 జనవరిలో లండన్ పడవల ప్రదర్శనలో మిర్రర్ జనం ముందుకు వచ్చింది. కోసి సిద్ధం చేసిన భాగాల పెట్టె ధర 63 పౌండ్ల 11 షిల్లింగులు. పత్రిక పేరు ముద్రించే ఎరుపే తెరచాపలకూ రంగయింది.

నిర్మాణ పద్ధతి

పలకల అంచుల వెంట చిన్న రంధ్రాలు వేసి, రెండేసి పలకలను రాగి తీగ ముక్కలతో కలిపి మెలితిప్పుతారు. తీగలు బిగిసేకొద్దీ చదును పలకలు వంపు తిరుగుతాయి. పడవ ఆకారం పలకలు కోసిన తీరులోనే దాగి ఉంటుంది కనుక కొలతల కోసం వేరే అచ్చు అక్కర్లేదు. లోపలి కీళ్ల మీద ఫైబర్‌గ్లాస్ పట్టీ పరిచి పాలియెస్టర్ రెసిన్ పూస్తారు. అది గట్టిపడ్డాక బయటికి పొడుచుకొచ్చిన తీగ కొసలను కత్తిరించి, బయటి వైపు కూడా పట్టీ వేస్తారు. ఆ తర్వాత బలమంతా పట్టీలదే. తీగ పని అక్కడితో ముగుస్తుంది.

పలకలను కుట్టి పడవ చేయడం ప్రపంచానికి పాత విద్యే. కోరమాండల్ తీరంలో తెలుగు, తమిళ మత్స్యకారులు వాడిన మసూలా పడవల పలకలను కొబ్బరి పీచు తాళ్లతో కుట్టేవారు. అక్కడ పలకలను ఎప్పటికీ పట్టి ఉంచేది కుట్టే. కెరటం కొట్టినప్పుడు కాస్త సాగి దెబ్బను ఓర్చుకుంటుంది. మిర్రర్‌లో కుట్టు తాత్కాలికం. జిగురు పట్టేదాకా పలకలను పట్టి ఉంచడమే దాని పని.

ముక్కు కోసుగా కాక మొండిగా ఉండటం మిర్రర్ గుర్తు. దీనివల్ల పలకలను విపరీతంగా వంచే అవసరం తప్పింది, పొట్టి పడవలో చోటూ పెరిగింది. ముందు, వెనుక, రెండు పక్కలా నీరు చొరని గాలి అరలు ఉంటాయి. తిరగబడినా పడవను తేల్చేవి అవే. పక్క అరలే కూర్చునే బల్లలు కూడా.

తెరచాప అమరిక

మొదటి మిర్రర్లకు ‘గంటర్’ అమరిక ఉండేది. పొట్టి తెరచాప కొయ్యను నిలిపి, రెండు పక్కలకూ ముక్కుకూ తీగలు లాగి కడతారు. పెద్ద తెరచాప పై అంచును మోసే రెండో కొయ్యను తాడుతో పైకి లాగితే, అది మొదటి కొయ్యకు కొనసాగింపుగా దాదాపు నిటారుగా నిలుస్తుంది. ఒకే పొడుగాటి కొయ్య బదులు రెండు పొట్టివి వాడటంవల్ల అన్నీ పడవలోనే ఇమిడిపోతాయి. పడవను కారు పైకెక్కించి చెరువుకో సముద్రానికో తీసుకుపోవచ్చు. నీటిలోకి దించాక నడుమ పలకను కిందికి జార్చి, చుక్కాని తగిలిస్తే ప్రయాణానికి సిద్ధం. గాలి లేనప్పుడు తెడ్లు వేసుకోవచ్చు. తరువాతి కాలంలో ఒకే పొడవాటి కొయ్య ఉండే బెర్ముడా అమరికను కూడా నియమాలు అనుమతించాయి.

వ్యాప్తి, ప్రభావం

బ్రిటన్ నుంచి మిర్రర్ ఐర్లాండ్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాలకు వ్యాపించి, అంతర్జాతీయ పోటీల పడవగా ఎదిగింది. ఇద్దరు నడిపే ఈ పడవలో తల్లో తండ్రో ఒక పిల్లనో పిల్లవాడినో వెంటబెట్టుకుని పందేనికి దిగడం మామూలు. దీని ఓర్పుకు సాక్ష్యం ఎ. జె. మెకినన్ ప్రయాణం. ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్ నుంచి నదులు, కాలువలు, ఇంగ్లిష్ చానెల్ దాటి నల్ల సముద్రం దాకా ఆయన వెళ్లింది ఒక మిర్రర్‌లోనే. ఆ యాత్ర గురించి ఆయన రాసిన గ్రంథం 2002లో వెలువడింది.

తరువాత ఫైబర్‌గ్లాస్ మిర్రర్లు కూడా వచ్చాయి. కానీ కుట్టి అతికే పద్ధతి పాతబడలేదు. పాలియెస్టర్ స్థానంలో ఎపాక్సీ చేరి, నేడు అది ఇంటి పడవల నిర్మాణంలో ప్రధాన మార్గాల్లో ఒకటిగా నిలిచింది. మిర్రర్ ఇచ్చిన మరో మేలు మరమ్మతులో కనిపిస్తుంది. కీలు చీలితే పాత పట్టీని గీకి కొత్తది వేస్తే చాలు. తమ చేత్తో పడవ కట్టుకున్నవాళ్లకు ప్రతి కీలూ ఎక్కడుందో తెలుసు, దాన్ని బాగుచేసే పనీ అప్పటికే చేతికి వచ్చి ఉంటుంది.