ఆఖరి ఇంటిదాక సాటింపు

ఆ మొద్దును జెరంత లోపలికి ఎగదొయ్యి కొడుకా, పొగ నా దిక్కే కొడ్తుంది. ఆఁ, ఏమడిగినవు? ఫోన్లు లేనప్పుడు వాగు అస్తుందని మాకు ఎట్ల తెలిసేదనా?

వాగు అచ్చినంకనే తెలిసేది. అబద్ధమెందుకు? మానేరుకు అప్పుడు అడ్డం లేకుండె. ఎగువకు నర్మాల కాడ ఎగువ మానేరు ప్రాజెక్టు ఒక్కటే. సిరిసిల్ల దిక్కు మొగులు నల్లగైతే నీరుకుల్లోల్లు, గట్టెపల్లోల్లు ఒడ్డుకు మేసే గొడ్లను ఇంటికి తోలుకచ్చేది. మనకున్న వాతావరణ శాఖ గంతే.

సర్కారంటే మాకు ఊర్లె మాలి పటేలు, పోలీసు పటేలు, పట్వారి. గుడిసెలు కాలినా, ఇల్లు కూలినా, గత్తర అచ్చినా పోలీసు పటేలు కాయితం రాసి మస్కూరోనికిచ్చి తాలూకాకు పంపాలె. మనది సుల్తానాబాద్ తాలూకా. కాయితం నడుసుకుంట పోయి, జవాబు నడుసుకుంట అచ్చేటాల్లకు కూలిన గోడ మీద గడ్డి మొలిసేది.

గని ఒక్క పని మాత్రం పక్కాగ ఉండె, చెరువు కట్ట. రోహిణి ఎండలల్ల నీరటాయన కట్ట పొడుగూత నడిసేటోడు. ఎలుక బొక్కలు, ఎండ్రికాయ బొక్కలు, కట్టల దిగిన తుమ్మ ఏర్లు, అన్నీ చూసుకుంట పోయేది. మిర్గం రాకముందే బొక్కలు తవ్వి, మొరం పోసి, దిమ్మిస కొట్టాలె. ఊరోల్లు తలా ఓ చెయ్యి ఎయ్యాలె, రానోన్ని పంచాయితిల నిలవెట్టేది.

పెద్దపూస కార్తెల ముసురు పట్టిన ఓ రాత్రి నా కండ్ల ముందట ఉన్నది. చెరువు నిండి మత్తడి దుంకుతుంది. కట్టకు బయటి దిక్కు, అడుగున, ఊట కనవడ్డది. నీరటాయన కూసుండి దోసిట్ల గా నీళ్లు పట్టిండు, లాంతరు దగ్గరికి తెచ్చి చూసిండు. తేటగుంటే భయం లేదు, కట్ట చెమటోడ్చినట్టే. మట్టి రంగుంటే లోపల కట్ట కరిగి పోతున్నది. గా రాత్రి మట్టి రంగే ఉండె. "బుంగ పడ్డదిరో!" అని ఒక్క కేక పెట్టిండు. ఇంకేముంది, వరిగడ్డి మోపులు, తాటిమొద్దులు, ఇసుక నింపిన గోనె సంచులు, దొరికింది దొరికినట్టు మోసిన్రు. ఇద్దరు ఈతగాండ్లు నడుములకు మోకులు కట్టుకొని లోపలి దిక్కు దిగిన్రు. నీళ్ల మీద సుడి తిరిగే జాగల కాళ్లతోని తడిమి బుంగ మూతి దొరకవట్టిన్రు, గడ్డి మోపులు కుక్కిన్రు. బయటి దిక్కు ఊట చుట్టు ఇసుక సంచులు గుండ్రంగ పేర్సిన్రు. ఊటను మొత్తమే మూసెయ్యద్దు, మూస్తే ఇంకో జాగల పగులుతది. నీళ్లు పోవాలె గని మట్టి పోవద్దు. ఇయ్యాల ఇంజనీర్లు చేసేది గూడ గదే.

గిదంతా ఇని పాతకాలం బంగారం అనుకునేరు. కట్ట మీద ఊరంత గలిసి పని చేసిన్రు, నిజమే. గని సాటింపు సంగతి ఇనుండ్రి. డప్పు కొట్టి సాటే ఆయన ఇల్లు ఊరికి కింది దిక్కు, మత్తడి నీళ్లు పారే తొవ్వల. ఆయన దొర గడి ముందట మొదలు వెట్టి, పటేండ్ల వాకిండ్లు, కోమట్ల బజారు తిరిగి, తన వాడకు ఆఖరున పోవాలె. ముందుగాల మునిగేది గా వాడనే! పైంగ గా సాటుడుకు పైస లేదు, వెట్టి. ఊరందరిని లేపినాయన తన పిల్లలను ఆఖరున లేపుకున్నడు. గిదెక్కడి రివాజని అప్పుడు అడిగినోడు లేడు.

కడెం ప్రాజెక్టు ముచ్చట గూడ గప్పటిదే. 1958ల కొత్తగ కట్టిన కట్ట. ఆగస్టుల వరద మీదికెల్లి దుంకి గండి కొట్టింది. ప్రాజెక్టు గూడ తెగుతదా అని మా నాయినోల్లు ముక్కున ఏలేసుకున్నరు.

మన మానేరు మారింది మాత్రం కరీంనగర్ల దిగువ మానేరు కట్టినంకనే. 1985కు పని అయిపోయింది. 24 టీఎంసీల నీళ్లు, 20 గేట్లు. మల్ల ఏడే, 1986 ఆగస్టుల, గోదారి అచ్చింది సూడు, భద్రాచలం కాడ 75.6 అడుగులు ఎక్కింది. గంత నీటిమట్టం ఆడ ఇప్పటిదాక మల్ల రాలే. సరే, గేట్ల ముచ్చట చెప్తున్న. గేట్లు అచ్చినంక వాగు మొగులును చూసి వచ్చుడు మానింది. ఈడ ఎండ కొడ్తుంటది, చుక్క చినుకుండదు. ఎగువ కురిసిన వానకు ఆడ డ్యామ్ నిండితే గేట్లెత్తుతరు, నడి వాగుల ఉన్నోనికి ఏం తెలుస్తది? గందుకే సైరన్ కొడ్తరు, కలెక్టర్‌కు చెప్తరు. కలెక్టర్ తాసిల్దార్లకు, వాల్లు పంచాయతి కార్యదర్శులకు, పోలీసులకు. ఆఖరుకు మల్ల డప్పే.

ఇప్పుడు దీనికొక చట్టం గూడ ఉన్నది, 2005ది. జిల్లాకో విపత్తు సంస్థ, కలెక్టరే దానికి పెద్ద, జడ్పీ చైర్మన్ పక్కన కూసోవాలె. మనకు కలెక్టర్ గూడ దగ్గరికచ్చిండు. 2016 అక్టోబర్ 11న పెద్దపల్లి జిల్లా అయింది గద. దానికి కొన్ని దినాల ముందుగాలనే, సెప్టెంబర్ ఆఖర్ల, మానువాడ కాడ సగం కట్టిన మిడ్ మానేరు మట్టికట్ట కోసుకపోయింది. కింది ఊర్లోల్లను ముందుగాలనే లేపి కదిలిచ్చిన్రు. మా కాలంలనైతే నీళ్లే లేపేటివి.

2022 జులై 13న మల్ల కడెమే. మూడు లక్షల క్యూసెక్కులు పంపేటి ప్రాజెక్టుకు అయిదు లక్షలు మీద పడ్డయ్. 18 గేట్లల్ల ఒకటి లేవలే. నీళ్లు కట్ట మీదికెల్లి దుంకుతుంటె కింది ఊర్లను రాత్రికి రాత్రే ఖాళీ చేపిచ్చిన్రు. కట్ట నిలిచింది, దేవుని దయ. గవే దినాలల్ల మంథని గూడ మునిగింది, ఇటు గోదారి, అటు బొక్కలవాగు. మల్ల ఏడు, 2023 జులైల, అదే కడెంల నాలుగు గేట్లు మొరాయించినయ్. ఊర్లు ఖాళీ చేపిచ్చుడు నేర్సిన్రు, మంచిదే. ఎండకాలం గేట్లు ఎత్తి దించి చూసుడు ఎందుకు మర్సిన్రని నాకు కోపం. మా నీరటాయనకు గీ సోయి ఉండె.

గదే 2023ల, జులై 27 నాడు, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క దినంల 64.98 సెంటీమీటర్ల వాన. భూపాలపల్లి కాడ మోరంచపల్లిని వాగు తెల్లారేటాల్లకు ముంచింది. జనం బంగ్లాల మీదికెక్కి కూసున్నరు. మిలిటరీ హెలికాప్టర్లు, ఎన్డీఆర్ఎఫ్ పడవలు పోయినయ్, శానమందిని తీసిన్రు. అందరు దక్కలే. పెద్ద ప్రాజెక్టు కాడ సైరన్ ఉంటది, ఇంజనీరు ఉంటడు. చిన్న వాగు కాడ ఎవలున్నరు? మన హుస్సేనిమియ వాగు గూడ గసొంటిదే, ఎండకాలం చూస్తే కాళ్లు తడువయి.

ఇంకో సంగతి, అందరు మర్సిపోయింది. 1984ల ఎన్టీ రామారావు పటేండ్లను, పట్వారీలను తీసేసిండు. తియ్యాల్సిందే, వాల్ల పెత్తనం మేం పడ్డం. 2020ల వీఆర్వోలు గూడ పోయిన్రు. ఇప్పుడు మల్ల గ్రామ పాలన అధికారులని అచ్చిన్రు. మంచోడో చెడ్డోడో, ఊర్లె ఏ ఇంట్ల ఎవలున్నరో తెలిసినోన్ని తీసేసినప్పుడు గా ఎరుకను ఎవలికి అప్పజెప్పిన్రు? కార్యదర్శి పొద్దుగూకితే బస్సెక్కి ఇంటికి పోతడు. మన సుల్తానాబాద్ 2018ల మున్సిపాలిటి అయింది. వానకాలం ముందుగాల మున్సిపాలిటోల్లు కూలేటట్టున్న ఇండ్లకు నోటీసులిస్తరు. నా సోపతిగాని ఊర్లె అయితే నోటీసును కూలేటి గోడకే అతికిచ్చి పోయిన్రట! నవ్వకుండ్రిరా, గా గోడ ఎనుక ఓ ముసలామె పంటున్నది.

ఫోన్లు మంచియే. ఆపద హెచ్చరికకు గవి ఒక్కసారే గుయ్యిమని మోగితే నేను గూడ ఉలిక్కిపడ్డ. గని చెవుడున్నోనికి, చార్జింగ్ అయిపోయినోనికి, మంచంల ఉన్నోనికి గా మోతతోని ఏం లాభం? నువ్వు సదువుకున్నవు గద బిడ్డా, ఓ నోట్‌బుక్కు తియ్యి. మన వార్డుల నడవరానోల్లు ఎవలు, బాలింతలెవలు, ఒక్కలే ఉండేటోల్లు ఎవలు, మట్టి గోడల ఇండ్లెన్ని, అన్నీ రాయి. మిల్లులల్ల పనికచ్చిన బిహారు పిలగాండ్లు షెడ్లల్ల పంటరు, వాల్లకు తెలుగు రాదు, డప్పుల మాట సమజ్ గాదు, వాల్లను గూడ రాయి. ఎవలింటికి ఎవలు పోయి తలుపు కొట్టాల్నో పక్కపొంటి రాయి, మీ సోపతిగాండ్ల పేర్లు పెట్టి. కింది వాడకెల్లి మొదలువెట్టు. ఒక నకలు మున్సిపాల్ ఆఫీసుల ఇయ్యి, ఒకటి ఇంట్ల ఉంచు. నడవరానోల్లల్ల మొదటి పేరు నాది రాస్కో, మోకాళ్లు ఇగ లేస్తలెవ్వు.