గంప కింద కొత్తపెట్ట

ఆ పత్తికట్టె ఇంకాస్త ఎగదొయ్యరా, మంట తగ్గింది. పుంజు సంగతి అడిగావుగా, చెప్తా.

అప్పట్లో కీసరలో కోళ్లను డబ్బులిచ్చి కొన్నవాళ్లు తక్కువ. పాలుకి తెచ్చుకునేవాళ్లం. పెట్ట వాళ్లది, సాకుడు మనది, పిల్లల్లో చెరిసగం. పెనుగంచిప్రోలు పుట్టింటి నుంచి నేనట్లాగే ఓ నల్లపెట్టని బుట్టలో పెట్టుకుని తెచ్చా. వాకిట్లో వదలబోతుంటే మా అత్త అడ్డుపడింది. "ముందు గొడ్లపాకలో గంప కింద మూయి. రెట్ట చూడాలి" అంది.

ఎందుకంటావా? కొక్కెర తెగులు. కోడి ఆకుపచ్చగా పారుకుంటుంది, మెడ మెలిపడిపోతుంది, వారం తిరక్కుండా ఊళ్లో కోళ్లన్నీ ఖాళీ. ఆ తెగులు ఎక్కువగా బయటి కోడితోనే వచ్చేది.

కొన్నాళ్లు చూసి, గంపతో సహా వాకిట్లోకి మార్చింది. మిగతావి గంప సందుల్లోంచి దాన్ని చూస్తూ తిరిగేవి. ఆ తర్వాత ఓ రాత్రి, బాగా చీకటి పడ్డాక, తీసుకెళ్లి గూట్లో కలిపింది. కోడికి చీకట్లో కళ్లు ఆనవు, కొట్లాడదు.

తెల్లారి మన పెట్టలు దాని నెత్తి పొడవకుండా మానలేదు. ఎవరు ముందు తినాలో, ఎవరు వెనక తినాలో వాటికో వరస ఉంటుంది. అది తేలేదాకా పోరే, తోడికోడళ్ల మాదిరి. పుంజు మాత్రం ఒక రెక్క నేలకి జార్చి దాని చుట్టూ తిరిగింది. ఎర్రపెట్ట మరీ తరుముతుంటే మధ్యలో దూరింది. గింజ దొరికితే తను మింగకుండా ముక్కుతో ఎత్తి, వదిలి, కొక్కొక్కొమని పిలిచేది.

కొత్త పెట్టని ఓర్చుకుంటుందిగాని, కొత్త పుంజుని ఓర్చుకోదు. పల్నాట్లో కోడిపందెం రాజ్యాలకే ఎసరు పెట్టింది, ఒక్క వాకిట్లో రెండు పుంజులు ఎట్లా ఇముడుతాయి? అందుకే కూతకొచ్చిన పుంజుపిల్లల్ని పండక్కి కోసేవాళ్లం.

గద్ద వచ్చినప్పుడు చూడాలి మా పుంజు సంగతి. మేస్తూనే మెడ వాల్చి ఒక కన్ను ఆకాశానికేసి ఉంచేది. పైన నీడ కదిలితే సన్నగా, సాగదీసి ఒక్క అరుపు. పెట్టలు దొరికిన పొదకింద నక్కేవి. నేలమీద పిల్లో ముంగిసో వస్తే అరుపు వేరు, టకటకా ఆగకుండా. అప్పుడు నక్కవు, మెడలు నిక్కించి చూస్తాయి. అరుపు వింటే ఇంట్లో ఉన్న మాకూ తెలిసేది, ఆకాశంకేసి చూడాలో, కర్ర పట్టుకోవాలో. ఓసారి చుట్టాలొస్తే మా అత్త నల్లపెట్టని పట్టబోయింది. కెక్కుమందో లేదో, పుంజు ఎగిరి కాలిముల్లుతో ఆమె పిక్క చీరింది. ఆ పూట చుట్టాలకి వంకాయ కూరే.

ఇప్పుడు కోడిపిల్లకి ఏడోరోజు కంట్లో లసోటా టీకా చుక్క వేస్తున్నారు, కొక్కెర తెగులు భయం తగ్గింది. అయినా మొన్న 2025 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే, గంపలగూడెం వైపు, బర్డ్ ఫ్లూ వచ్చిందిగా. నువ్వూ కోళ్లు పెంచుతానంటున్నావు, ముందు ఓ గంప కొనుక్కో, తర్వాత కోడి.