సీసం ఎవరి నెత్తురులో? పిల్లల రక్తపరీక్షల చరిత్ర, ఆదిలాబాద్ వైపు నుంచి

ఆదిలాబాద్ జిల్లా ఆరోగ్యం గురించి రాసేటోళ్లంతా జ్వరాల గురించి రాస్తరు. వానకాలం వస్తే గూడేలల్ల వాంతులు, విరేచనాలు, మలేరియా. ఆ తర్వాత రక్తహీనత. ఇవి నిజమైన బాధలే, కాదనేటోళ్లు లేరు. అయితే ఈ లెక్కలన్నిట్ల ఒక సంగతి కనబడదు. ఒళ్లు కాలదు, దగ్గు రాదు, పిల్లగాడు ఆడుకుంటనే ఉంటడు. బడిలో మాత్రం అక్షరం తలకెక్కదు. పంతులు "వీనికి బుద్ధి లేదు" అంటడు. మాల మాదిగ వాడ పిల్లగాడైతే ఆ మాట పక్కన ఇంకో మాట కూడ నడుస్తది, దాన్ని ఇక్కడ రాయనవసరం లేదు. ఆ పిల్లగాని నెత్తురులో సీసం ఉండవచ్చునేమో అని అడిగినోళ్లు మన దగ్గర లేరు. అడగకపోవడానికి ఒక చరిత్ర ఉన్నది. ఈ వ్యాసం దాని గురించి.

ముందు సీసం చేసే పని తెలుసుకోవాలె. నోట్లకు పోయిన సీసంలో పెద్దోళ్ల ఒంటికి పట్టేదానికన్న 4, 5 రెట్లు ఎక్కువ చిన్నపిల్లల ఒంటికి పడతది. కడుపుల ఇనుము తక్కువున్న పిల్లలకు ఇంకా ఎక్కువ పడతది. అంటే రక్తహీనత ఉన్న పిల్లలే దీనికి ముందు దొరుకుతరు. మెదడు తయారయ్యే వయసులో సీసం చేరితే చదువు, జ్ఞాపకం, నిలకడ దెబ్బతింటయి. ఆ దెబ్బ తిరిగి పోదు. ఎముకల్లో దాచుకొని ఉండి, ఆడపిల్ల పెద్దయి కడుపుతో ఉన్నప్పుడు మళ్లీ నెత్తురులోకి దిగి, కడుపులోని బిడ్డకు చేరుతది. ఇంతవరకు ఉంటే ఫరవాలేదు అనే మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తున్నది.

ఇంకో ముఖ్యమైన సంగతి. డెసిలీటరు రక్తానికి 45 మైక్రోగ్రాములు దాటితేనే మామూలుగా మందు ఇస్తరు. అంతకు లోపు ఉంటే ఇచ్చే మందంటూ లేదు. సీసం ఎక్కడినుంచి వస్తున్నదో కనుక్కొని దాన్ని తీసెయ్యాలె, మంచి తిండి పెట్టాలె. కాబట్టి ఈ పరీక్ష చేసినోడు రోగి దగ్గర ఆగలేడు. గోడ మీది రంగు దగ్గరికి, ఇంటి యజమాని దగ్గరికి, కార్ఖానా దగ్గరికి, పెట్రోలు కంపెనీ దగ్గరికి పోవాల్సి వస్తది. ఈ పరీక్షను ఏ సర్కారూ ఇష్టంగా నెత్తికెత్తుకోకపోవడానికి కారణం ఇక్కడే ఉన్నదని నా అభిప్రాయం.

చరిత్ర అమెరికాలోని బాల్టిమోర్ పట్నం నుంచి మొదలుపెడదాం. 1932లో, ఆర్థిక మాంద్యం రోజుల్లో, పనుల్లేని నల్లజాతి కుటుంబాలు చలికి పొయ్యిలోకి కట్టెలు కొనలేక పారేసిన పాత బ్యాటరీల పెట్టెలు తెచ్చి కాల్చుకున్నరు. ఆ పొగలో సీసం ఉన్నది. పిల్లలు జబ్బుపడ్డరు. డాక్టర్లు కనుక్కున్నరు, వైద్య పత్రికల్లో రాసిన్రు. ఆ తర్వాత 1935లో బాల్టిమోర్ ఆరోగ్యశాఖ రక్తంలో సీసం పరీక్షను ఉచితంగా చేయడం మొదలుపెట్టింది. అంటే పిల్లల్లో సీసం కోసం సర్కారు వెతకడం అనే పని మొదలైందే చెత్త ఏరుకొని బతికే జాతి ఇంట్ల. చండాలునికి పగిలిన పాత్ర, ఇనుప నగ రాసిపెట్టిన మనుధర్మం కింద బతికిన మనకు ఈ సంగతి కొత్తగా అనిపించదు. ఊరు వాడి పారేసింది వాడకు చేరుతది. అప్పుడది బట్ట, కుండ. ఇప్పుడది బ్యాటరీ.

బాల్టిమోర్‌లో 1951లో ఇండ్ల లోపల సీసపు రంగు వాడొద్దని నిషేధం పెట్టిన్రు. పాత రంగు మాత్రం అద్దె ఇండ్ల గోడల మీద అట్లనే ఉన్నది. పెచ్చులూడిన రంగు పిల్లలు నోట్లో పెట్టుకుంటరు. దానికి డాక్టర్లు, అధికారులు చెప్పిన కారణం తల్లుల అజాగ్రత్త. ఇంటాయన రంగు గీకించలేదన్న మాట తక్కువగా వినపడ్డది. మన దగ్గర పిల్లగాడు సన్నబడితే "వాళ్లకు శుభ్రత లేదు" అని నర్సమ్మ అంటదే, ఆ మాటే ఇది.

1960లు గడిచేసరికి ఈ పని ఉద్యమాల చేతికి వచ్చింది. 1969లో న్యూయార్క్ తూర్పు హార్లెంలో ప్యూర్టోరికో యువకుల సంఘం యంగ్ లార్డ్స్ నగర ఆరోగ్యశాఖ ఆఫీసులో బైఠాయించి, వాడకుండా మూలకు పెట్టిన సీసం పరీక్ష కిట్లు తీసుకున్నరు. డాక్టర్లను, నర్సులను, మెడికల్ విద్యార్థులను వెంటేసుకొని ఇల్లిల్లూ తిరిగిన్రు. పరీక్ష చేసి, ఫలితాన్ని తల్లిదండ్రులకే చెప్పి, పత్రికల ముందు పెట్టిన్రు. నగరం కదలక తప్పలేదు. 1970లో సీసం కోసమే ఒక విభాగం పెట్టింది. 1971 జనవరిలో దేశమంతటికీ సీసపు రంగుల విషాన్ని నివారించే చట్టం వచ్చింది. దానికి డబ్బు మాత్రం అరకొరగానే ఇచ్చిన్రు.

అదే కాలంలో బ్లాక్ పాంథర్ పార్టీ తన ఉచిత వైద్యశాలల్లో సీసం పరీక్ష, సికిల్ సెల్ పరీక్ష రెండూ చేసింది. పిల్లలకు పొద్దున టిఫిన్ పెట్టిన పార్టీయే నెత్తురు చుక్క కూడ తీసింది. ఈ రెండు పరీక్షలకు తర్వాత జరిగిన గతి వేరువేరు. సికిల్ సెల్‌ను 1971లోనే అధ్యక్షుడు నిక్సన్ స్వయంగా ప్రస్తావించిండు, 1972లో చట్టం వచ్చింది. కొన్ని రాష్ట్రాలు నల్లవాళ్లకు ఆ పరీక్షను తప్పనిసరి చేసినయి. పరీక్షలో లక్షణం ఉన్నదని తేలినోళ్లను, రోగం లేకున్నా, వైమానిక దళ అకాడమీలో 1981 దాకా చేర్చుకోలేదు. వంశంలో వచ్చే రోగానికి సర్కారు తొందరగా ముందుకొస్తది. దాంట్ల ఎవరి మీదా నేరం పడదు, రోగి పుట్టుకే కారణమని చెప్పి చేతులు దులుపుకోవచ్చు. సీసం పుట్టుకతో రాదు, ఎవరో తెచ్చి పోస్తే వస్తది.

1972లో బొంబాయిలో నామ్‌దేవ్ ఢసాల్, జె.వి.పవార్, రాజా ఢాలే తదితరులు దళిత్ పాంథర్స్ పెట్టిన్రు. పేరు అక్కడినుంచే తెచ్చుకున్నరు. ఆగ్రహం తెచ్చుకున్నరు, కవిత్వం రాసిన్రు, మరాఠీ సాహిత్యాన్నే తిరగేసిన్రు. వైద్యశాల మాత్రం ఆ పేరుతో ప్రయాణం చేయలేదు. ఇది వాళ్ల మీద నింద కాదు. గ్రామాల్లో హత్యలు, అత్యాచారాలు జరుగుతుంటే నెత్తురు పరీక్ష ఎవరికి గుర్తొస్తది? తెలుగునాట కూడ అంతే. దళిత ఉద్యమం నెత్తురు అన్నప్పుడల్లా కారంచేడు (1985), చుండూరు (1991) నెత్తురే కండ్ల ముందుకొస్తది. అది ఒక్కనాడు పారింది, లోకమంతా చూసింది. రోజుకింత చెడిపోయే నెత్తురుకు సాక్షి లేడు, కేసు లేదు, ఎఫ్.ఐ.ఆర్. లేదు.

ఇక మన దేశం సంగతి. 1998-99లో రెండో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. దేశమంతా తల్లుల, పిల్లల వేలు గుచ్చి రక్తహీనత చూసిన్రు. అదే సర్వేలో సీసం కూడ చూసిన్రు, కానీ ఢిల్లీ, ముంబైలలో మాత్రమే. పల్లెలో గుచ్చిన వేలి నుంచి వచ్చిన చుక్క హిమోగ్లోబిన్ లెక్కకే పోయింది. 1999లో బెంగుళూరులో జార్జ్ ఫౌండేషన్ ఒక పెద్ద అధ్యయనాన్ని బయటపెట్టింది. బెంగుళూరు, ముంబై, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు, వెల్లూరుతో పాటు మన హైదరాబాద్‌లో కూడ పరీక్షలు చేసిన్రు. 12 ఏండ్ల లోపు పిల్లల్లో సగానికి పైగా రక్తంలో 10 మైక్రోగ్రాములు దాటి ఉన్నది. ఆ పనిలో ఉన్న బెంగుళూరు శాస్త్రవేత్త తుప్పిల్ వెంకటేశ్ ఆ తర్వాత ఏండ్ల తరబడి దీన్నే పట్టుకొని తిరిగిండు. 2000లో దేశమంతటా పెట్రోలులో సీసం కలపడం ఆగింది. పిల్లల నెత్తురు గురించి దేశంలో జరిగిన మంచి పనుల్లో ఇదొకటి. దీన్ని ఒప్పుకోవాలె.

ఆ 10 అంకె గురించి ఒక పక్కమాట. 1960లలో అమెరికాలో 60 దాటితేనే ప్రమాదమన్నరు. 1970 నాటికి 40, 1975లో 30, 1985లో 25, 1991లో 10, 2012లో 5, 2021లో 3.5. పిల్లల ఒళ్లు మారలేదు, చూసేటోళ్ల కన్ను మారింది. 1999లో "బాగానే ఉన్నది" అనిపించుకున్న హైదరాబాద్ పిల్లగాడు ఇయ్యాల్టి లెక్కలో బాగలేనట్టే.

పెట్రోలు పోయినా రంగు పోలేదు. ఇండ్లకు వేసే రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. దాటొద్దని నిబంధన వచ్చింది 2016లో, అమలు 2017 నవంబరు నుంచి. బ్యాటరీల మీద 2001లో ఒకసారి, 2022లో ఒకసారి నిబంధనలు వచ్చినయి. ఆటోకు, ట్రాక్టరుకు, ఇన్వర్టరుకు వాడి పారేసిన బ్యాటరీని వాడ పక్కన, పెరట్ల పగలగొట్టి, కడాయిలో సీసం కరిగించే బతుకులు దేశమంతటా ఉన్నయి. 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ కలిసి వేసిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ముగ్గురు పిల్లల్లో ఒకరి నెత్తురులో 5 మైక్రోగ్రాములు దాటి ఉన్నది. వాళ్లలో 27 కోట్లకు పైగా మన దేశం పిల్లలే.

అదే 2020 డిసెంబరులో ఏలూరు జరిగింది. 5వ తారీకు నుంచి వన్‌టౌన్ ప్రాంతంలో మనుషులు ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయిన్రు. 600 మందికి పైగా ఆసుపత్రి పాలైన్రు. ఎయిమ్స్ పరీక్షల్లో కొందరి రక్తంలో సీసం, నికెల్ కనబడ్డయి. ఇతర సంస్థలు పురుగుమందుల వైపు చూపించినయి. కారణం మీద వాదం ఇక్కడ మనకు అవసరం లేదు. తెలుగు జనం నోట "రక్తంలో సీసం" అన్న మాట మొదటిసారి అంత గట్టిగా పలికింది అప్పుడే. అది కూడ వందలమంది రోడ్డు మీద పడిపోయినంక. సీసం మామూలుగా చేసే పని మనిషిని రోడ్డు మీద పడేసేది కాదు. పడిపోయినోళ్లనే పరీక్షిస్తే నిలబడి ఉన్న పిల్లలు ఎన్నటికీ లెక్కకు రారు.

ఇప్పుడు ఆదిలాబాద్. 2016లో జిల్లా నాలుగు ముక్కలైంది. పేరు ఏదైనా జనం వాళ్లే: గోండులు, కోలాంలు, నాయకపోడ్లు, ప్రధాన్లు, తోటీలు, మాల, మాదిగ, నేతకాని, మహర్, మాంగ్ కులాలు. ఈ జనాన్ని కొలవడం కొత్త కాదు. 1940లో కుమ్రం భీం జోడేఘాట్‌లో నేలకొరిగినంక నిజాం సర్కారు హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. అప్పటినుంచి ఈ కొండల మనుషుల మీద రాతలకు కొదవ లేదు. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ కార్యక్రమం కూడ ఇక్కడికి వచ్చింది. 40 ఏండ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్ష, చేతికొక కార్డు. ఇది కావల్సిందే. నొప్పులతో అల్లాడే పిల్లలకు రోగం పేరన్నా తెలుస్తది. అయితే ఇది గోండుల రోగమన్న ముద్ర తప్పు. పెన్‌గంగ అవతల విదర్భ మహర్లలో కూడ ఇది బాగా ఉన్నది. కార్డు చూసి పెండ్లి సంబంధం తప్పిపోయే రోజు వస్తే అమెరికా 1970లు ఇక్కడ తిరిగి నడిచినట్టే.

సికిల్ సెల్‌కు వచ్చిన బండి సీసానికి రాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడికి ఒకసారి రావాలె. ముప్పై రకాల సమస్యలు చూడాలె. ఆ పట్టికలో రక్తహీనత ఉన్నది, చదువు రాకపోవడం ఉన్నది, నిలకడ లేకపోవడం ఉన్నది, మూర్ఛ ఉన్నది. ఈ నాలుగింటినీ తేగలిగిన సీసం లేదు. పిల్లగాని లోపాలు రాసుకుంటరు, లోపం పెట్టినదాన్ని రాసుకోరు.

ఇక్కడ మన లోపల ఒక భయం ఉన్నది, దాచిపెట్టి లాభం లేదు. 1990లో మండల్ వ్యతిరేకులు "మెరిట్" అంటూ వీధులకెక్కిన్రు. వాడ పిల్లల నెత్తురులో సీసం ఉన్నదని రేపు లెక్క తేలితే "చూసిన్రా, వీళ్ల మెదడే తక్కువ" అననిస్తరా, అంటరా? అంటరు. 1979లో నీడిల్‌మన్ అనే డాక్టరు ఊడిన పాలపండ్లను పరీక్షించి, సీసం ఎక్కువున్న పిల్లలు చదువులో వెనుకబడుతున్నరని చూపెట్టిండు. ఆ అధ్యయనం ఎక్కువగా తెల్ల పిల్లల మీద జరిగింది. సీసానికి కులం తెలియదు, జాతి తెలియదు. దాన్ని ఏ వాడలో పడేయాలెనో మనుషులకు తెలుసు. పరీక్షే వద్దంటే ఆ పడేసినోళ్లకు ఇంకింత సుఖం. కాబట్టి వద్దనడం కన్న, లెక్క ఎవరి చేతిలో ఉండాలె అని కొట్లాడడం మేలు.

బంగ్లాదేశ్‌లో ఈ లెక్క సరిగ్గ వాడిన్రు. గర్భిణుల నెత్తురులో సీసం ఎక్కడిదని వెతికితే పసుపు దగ్గర తేలింది. కొమ్ములకు మెరుపు కోసం లెడ్ క్రోమేట్ పూస్తున్నరు. వ్యాపారులను పట్టుకున్నరు, జరిమానా వేసిన్రు, జనానికి చెప్పిన్రు. 2019లో బజారు పసుపులో 47 శాతం కల్తీ ఉంటే 2021లో సున్నాకు వచ్చింది. పసుపు మిల్లు కూలీల నెత్తురులో కూడ సీసం తగ్గింది. నిర్మల్, జగిత్యాల, నిజామాబాద్ పసుపు నేలలే. రైతు మీద అనుమానం అక్కర్లేదు, అడగాల్సింది కొమ్ము పొలం దాటినంక ఎన్ని చేతులు మారుతున్నదని.

మన దగ్గర మొదలుపెడితే ఎక్కడ మొదలుపెట్టాలె? జాతీయ రహదారి పొంట బ్యాటరీ షాపులున్న గల్లీలు, పాత సామాను ఏరే కుటుంబాలున్న వాడలు, బొమ్మలకు రంగు వేసే ఇండ్లు, ఆంజనేయుని సింధూరం అమ్మే దుకాణాల చుట్టుపక్కల. పాత పద్ధతి సింధూరం సీసపు భస్మమే. చేసే తీరు కష్టం కాదు. హిమోగ్లోబిన్‌కు ఎట్లాగూ వేలు గుచ్చుతున్నరు, రెండో చుక్క తీస్తే చాలు, చేతిలో పట్టే యంత్రాలున్నయి. నెత్తురులో సీసం నెలకు సగం తగ్గి ఎముకల్లోకి పోతది కాబట్టి ఒకసారి చూసి వదిలేస్తే లాభం లేదు, మళ్లీ చూడాలె. వేలికి సీసం అంటి ఉంటే లెక్క తప్పుతది కాబట్టి ముందు చేయి కడగాలె, ఎక్కువ వచ్చినోళ్లకు నరం నుంచి తీసి ఆదిలాబాద్ రిమ్స్ లాంటి చోట మళ్లీ చూడాలె. ఫలితం కాగితం తల్లి చేతిలో పెట్టాలె, తెలుగులో, గోండిలో, మరాఠీలో చదివి చెప్పాలె. పిల్లగాని పేరు బడి రిజిస్టరుకు ఎక్కొద్దు. గ్రామ పంచాయతీ గోడ మీద పేర్లు కాకుండా ఆ గల్లీ అంకె మాత్రం రాయాలె, దాని పక్కన ఆ గల్లీలో కరిగించే కొలిమి ఎవరిదో, అతని దగ్గర సీసం కొనేది ఎవరో కూడ రాయాలె.