విశాఖపట్నం వేసవి – మే మాసపు వాతావరణ విశేషాలు

వేసవి తీవ్రత ప్రస్తావనకు వచ్చినప్పుడల్లా రెంటచింతల, నంద్యాల, విజయవాడ పేర్లు ముందుగా వినవస్తాయి. మే మాసంలో ఆ ప్రాంతాలలో పగటి ఉష్ణోగ్రత 42, 43 డిగ్రీలకు చేరినా ఎవరూ ఆశ్చర్యపడరు. అదే రోజున విశాఖపట్నంలో 34 డిగ్రీలు నమోదైనట్లు పత్రికలలో చదివినవారు సాగరతీర నగరం చల్లగా ఉన్నదని భావించడం కద్దు. వేసవి సెలవులకు వచ్చిన పర్యాటకులు రైలు దిగిన కొద్ది నిమిషాలకే చొక్కా తడిసి ముద్దయ్యేసరికి ఆ అభిప్రాయాన్ని మార్చుకుంటారు. ఉష్ణమాపకం చూపే అంకె ఒకటి, శరీరం భరించే తాపం మరొకటి కావడమే ఈ నగరంలో మే మాసానికి గల ప్రత్యేకత. ఈ వ్యత్యాసాన్ని గుర్తించకపోవడం వల్లనే తీరప్రాంతంలో వడదెబ్బ ప్రమాదానికి తగినంత ప్రాధాన్యం లభించడం లేదు.

విశాఖపట్నంలో వాతావరణ పరిశీలనకు సుదీర్ఘ చరిత్ర ఉన్నది. గోడే వెంకట జగ్గారావు 1840లో డాబాగార్డెన్స్‌లో సొంత వ్యయంతో వేధశాలను నెలకొల్పారు. ఆయన అనంతరం అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఖగోళ పరిశీలనలతో పాటు వాతావరణ వివరాల నమోదును కూడా శ్రద్ధగా కొనసాగించారు. ఒక ప్రైవేటు వ్యక్తి ఇంటి ఆవరణలో ఇంతటి శాస్త్రీయ కృషి జరిగిన విషయం ఈనాడు నగరవాసులలో చాలామందికి తెలియదు. ప్రస్తుతం భారత వాతావరణ శాఖకు చెందిన తుపాను హెచ్చరికల కేంద్రం ఇక్కడ 1974 నుండి పనిచేస్తున్నది. నగరపు ఉష్ణోగ్రతలు వాల్తేరులోను, విమానాశ్రయంలోను వేర్వేరుగా నమోదవుతాయి.

ఈ రెండు అంకెల మధ్య తేడా పరిశీలింపదగినది. మే మాసంలో వాల్తేరులో పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత సాధారణంగా 33, 34 డిగ్రీల వద్ద ఉండగా, విమానాశ్రయంలో అంతకు ఒకటి రెండు డిగ్రీలు అధికంగా ఉంటుంది. ఇందుకు నగర భౌగోళిక స్వరూపమే కారణం. ఉత్తరాన కైలాస పర్వత శ్రేణి, దక్షిణాన డాల్ఫిన్స్ నోస్‌తో ముగిసే యారాడ కొండలు, వాటి మధ్య గిన్నె వలె పల్లపు ప్రాంతం విస్తరించి ఉన్నాయి. వాల్తేరు తీరానికి ఆనుకొని ఉన్నందున సముద్రపు గాలి అక్కడికి ముందుగా చేరుతుంది. గోపాలపట్నం, మల్కాపురం, గాజువాక వంటి పారిశ్రామిక ప్రాంతాలకు ఆ గాలి ఆలస్యంగా, బలహీనపడి చేరుతుంది. కావున పత్రికలో వచ్చిన ఒక అంకెను నగరమంతటికీ వర్తింపజేయడం సరికాదు. 2014 అక్టోబరు 12న సంభవించిన హుద్‌హుద్ తుపానులో నగరం అసంఖ్యాకమైన వృక్షాలను కోల్పోయింది. ఆ నీడ లేని లోటు ఆ తరువాతి వేసవులలో ప్రజలకు అనుభవంలోకి వచ్చింది.

గాలి, తేమ

మే మాసంలో నేల త్వరగా వేడెక్కుతుంది, సముద్రం అంత త్వరగా వేడెక్కదు. నేలపైని వేడిగాలి పైకి లేచినప్పుడు ఆ స్థానాన్ని భర్తీ చేయుటకు సముద్రం మీది గాలి తీరం వైపు కదులుతుంది. ఉదయం పది, పదకొండు గంటలకు ఈ గాలి ప్రారంభం కాగానే ఉష్ణోగ్రత పెరుగుదలకు అడ్డుకట్ట పడుతుంది. అందువలన తీరంలో గరిష్ఠ ఉష్ణోగ్రత తరచు మధ్యాహ్నానికి ముందే నమోదై, ఆపైన సాయంత్రం వరకు పెద్దగా మార్పు ఉండదు. అయితే ఈ గాలి ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకుంటుంది. ఈ కాలంలో బంగాళాఖాతం ఉపరితల జలాల ఉష్ణోగ్రతే 30 డిగ్రీల చేరువలో ఉంటుంది. అంతటి వెచ్చని నీటి మీదుగా వచ్చే గాలి సమృద్ధిగా తేమను మోసుకొని వస్తుంది.

మానవ శరీరం తన వేడిని తగ్గించుకొనుటకు ప్రధానంగా చెమటపై ఆధారపడుతుంది. చెమట కారినంత మాత్రాన శరీరం చల్లబడదు, అది ఆవిరి కావాలి. గాలిలో తేమ ఇప్పటికే నిండి ఉన్నప్పుడు చెమట ఆవిరి కాక, చర్మంపైనే నిలిచిపోతుంది. దీనినే మన ప్రజలు ఉక్కపోత అంటారు. పొడిగాలిలో 40 డిగ్రీల వేడిని నీడ పట్టున కూర్చుని తట్టుకొనగల వ్యక్తి, తేమ గాలిలో 35 డిగ్రీలకే సొమ్మసిల్లవచ్చు. అమెరికా జాతీయ వాతావరణ సేవా సంస్థ వినియోగించే ఉష్ణ సూచిక ప్రకారం 40 డిగ్రీల ఉష్ణోగ్రత, 20 శాతం తేమ ఉన్నప్పుడు శరీరానికి దాదాపు 40 డిగ్రీల వేడే తెలుస్తుంది. 35 డిగ్రీల ఉష్ణోగ్రతకు 70 శాతం తేమ తోడైతే మాత్రం అది 50 డిగ్రీలతో సమానమవుతుంది. విశాఖలో మే మాసపు మధ్యాహ్నాలలో ఇట్టి పరిస్థితి అరుదేమీ కాదు.

రాత్రివేళల సంగతి వేరుగా చెప్పుకొనవలసి ఉన్నది. తేమతో నిండిన గాలి నేల నుండి వెలువడే వేడిని తేలికగా విడిచిపెట్టదు. దీని కారణంగా కనిష్ఠ ఉష్ణోగ్రత 27, 28 డిగ్రీలకు దిగువకు రావడం కష్టం. పగలంతా ఎండలో శ్రమించిన శరీరానికి రాత్రి లభించవలసిన విశ్రాంతి లభించదు. రేకుల ఇళ్ళలో, గాలి చొరబడని ఇరుకు గదులలో నివసించే వారికి ఈ ఇబ్బంది రెట్టింపు అవుతుంది. విద్యుత్ సరఫరాకు అంతరాయం కలిగిన రాత్రులలో డాబాల మీదికి, వీధి అరుగుల మీదికి కుటుంబాలు తరలిరావడం పాత నగరంలో పరిపాటి.

హెచ్చరికల కొలమానం

భారత వాతావరణ శాఖ నిబంధనల ప్రకారం వడగాల్పులు ప్రకటించుటకు మైదాన ప్రాంతాలలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలు, తీరప్రాంతాలలో 37 డిగ్రీలు ఉండాలి. దానితో పాటు సాధారణం కంటే 4.5 డిగ్రీలు లేదా అంతకు మించి పెరుగుదల కనిపించాలి. పెరుగుదల 6.4 డిగ్రీలు దాటితే తీవ్ర వడగాల్పులుగా పరిగణిస్తారు. తీరానికి 37 డిగ్రీల ప్రత్యేక పరిమితిని విధించడం సముచితమే. అయినప్పటికీ 35 డిగ్రీల ఉక్కపోత వారం రోజులు కొనసాగినా ఈ కొలమానంలో అది వడగాలి కాదు. అదే విధంగా ‘వెచ్చని రాత్రి’గా ప్రకటించుటకు పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరి ఉండాలన్న నియమం ఉన్నది. ఆ పరిమితిని అరుదుగా చేరుకునే నగరం కావడంతో, నిద్రపట్టని రాత్రులెన్ని గడిచినా విశాఖ ఆ జాబితాలోకి రావడం కష్టం. ఈ లోటును గుర్తించి వాతావరణ శాఖ ‘వేడి, తేమతో కూడిన అసౌకర్య వాతావరణం’ అనే హెచ్చరికను వేరుగా జారీ చేస్తున్నది. 2023లో ప్రయోగాత్మకంగా ఉష్ణ సూచికను కూడా ప్రవేశపెట్టింది. వడగాల్పుల హెచ్చరిక లేని రోజు ప్రమాదం లేని రోజు కాదని ప్రజలు గ్రహించవలసి ఉన్నది.

మరి విశాఖలో ఉష్ణోగ్రత నిజంగానే 40 డిగ్రీలు దాటే రోజులు లేవా అంటే, ఉన్నాయి. పడమటి నుండి, వాయవ్యం నుండి పొడిగాలులు బలంగా వీచినప్పుడు సముద్రపు గాలి తీరం దాటి లోనికి రాలేదు. తూర్పు కనుమలు దిగివచ్చే ఆ వేడిగాలి ధాటికి నగర వాతావరణం ఒక్క రోజులోనే మారిపోతుంది. బంగాళాఖాతంలో తుపాను ఏర్పడి ఉత్తరంగానో, ఈశాన్యంగానో సాగిపోయినప్పుడు ఇట్టి పరిస్థితి ఏర్పడడం కద్దు. తుపాను గాలిలోని తేమను తన వైపు లాగుకొనడంతో ఆంధ్ర తీరానికి పడమటి గాలులు మిగులుతాయి. 2003 మే మాసంలో బంగాళాఖాతంలో ఏర్పడిన తుపాను మయన్మార్ వద్ద తీరం దాటగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వడగాల్పులకు వెయ్యిమందికి పైగా మరణించారు. 2015 మే మాసాంతంలో వీచిన వడగాల్పులు ఆంధ్రప్రదేశ్‌లో 1,300 మందికి పైగా ప్రాణాలను బలిగొన్నాయి. మృతులలో అధికులు ఎండలో పనిచేయక తప్పని కూలీలు, వృద్ధులు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న నానుడి ఆ రోజులలో అక్షరసత్యమనిపించింది. మే 25 ప్రాంతంలో ప్రవేశించే రోహిణి కార్తెకు ముందే, నెల మొదటి వారంలో కర్తరి ప్రారంభమవుతుంది. కర్తరిలో కొత్త నిర్మాణాలు తలపెట్టరాదన్న ఆచారం వెనుక శ్రామికుల పట్ల పెద్దలు చూపిన దయ కూడా ఉండి ఉండవచ్చు.

జాగ్రత్తలు

భవన నిర్మాణ కార్మికులు, ఓడరేవు కళాసీలు, రిక్షా, తోపుడు బండ్ల వారు, ట్రాఫిక్ పోలీసు సిబ్బంది, పారిశుద్ధ్య కార్మికులు ఈ మాసంలో అధిక ప్రమాదానికి గురయ్యేవారు. వీరు వీలైనంత వరకు మధ్యాహ్నం 12 నుండి 3 గంటల మధ్య ఎండలో శ్రమ తగ్గించుకోవాలి. దాహం వేసే వరకు ఆగక, కొద్దికొద్దిగా తరచు నీరు త్రాగాలి. ఉక్కపోతలో నీటితో పాటు ఉప్పు కూడా శరీరం నుండి తరలిపోతుంది గనుక ఉప్పు కలిపిన మజ్జిగ, ఓఆర్ఎస్ ద్రావణం, కొబ్బరినీరు మేలు చేస్తాయి. ఉత్తరాంధ్ర పల్లెలలో వేసవి ఉదయాలను చోడి అంబలితో, తరవాణితో ప్రారంభించే అలవాటు ఇంకా అక్కడక్కడ ఉన్నది. సీసాలలో అమ్మే శీతల పానీయాల కంటే ఇవి ఎంతో ఉత్తమమైనవి. తాటిముంజలు, ఈ ప్రాంతపు సొంత మామిడి అయిన సువర్ణరేఖ ఈ రోజులలోనే విరివిగా లభిస్తాయి.

తల తిరగడం, వాంతులు, కండరాలు పట్టివేయడం తొలి సూచనలు. మాట తడబడినా, స్పృహ తప్పినా, శరీరం 40 డిగ్రీలకు మించి వేడెక్కినా దానిని వడదెబ్బగా భావించి వెంటనే 108కి ఫోన్ చేయాలి. అంబులెన్స్ వచ్చేలోగా రోగిని నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటిని తడిపి విసరాలి. ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. వడదెబ్బ తగిలితే చర్మం పొడిబారి ఉంటుందని చాలామంది నమ్మకం. తీరప్రాంతంలో శ్రమ చేస్తూ పడిపోయిన వ్యక్తి ఒళ్ళంతా చెమటతో తడిసి ఉండవచ్చు. చెమట పడుతున్నదని ఉపేక్షించడం ప్రాణాంతకం కాగలదు. స్పృహ లేని వ్యక్తి నోటిలో నీరు పోయరాదు.

సాయంత్రవేళ రామకృష్ణా బీచ్, రుషికొండ తీరాలు జనంతో కిక్కిరిసిపోతాయి. తాపం తీర్చుకొనుటకు నీటిలోకి దిగేవారు తీరం నుండి లోనికి లాగివేసే ప్రవాహాల విషయమై అప్రమత్తంగా ఉండాలి. నీరు ప్రశాంతంగా కనిపించే చోటే ఈ ప్రవాహాలు బలంగా ఉండవచ్చు.

జల్లులు, తుపానులు

మే మాసమంతా ఎండ ఒక్కటే ఉండదు. నేల వేడి, సముద్రపు తేమ కలిసినప్పుడు మధ్యాహ్నం తరువాత కనుమల మీద క్యుములోనింబస్ మేఘాలు కమ్ముకొని, ఈదురుగాలులు, పిడుగులతో కూడిన వాన కురుస్తుంది. గంట క్రితం వరకు జాడలేని ఈ వాన ఉపశమనంతో పాటు ప్రమాదాన్ని కూడా తెస్తుంది. వైశాఖ శుద్ధ తదియనాడు సింహాచలంలో జరిగే చందనోత్సవానికి, వరాహ లక్ష్మీనృసింహస్వామి నిజరూప దర్శనానికి భక్తులు వేలాదిగా తరలివస్తారు. 2025 ఏప్రిల్ 30న ఆ ఉత్సవం నాటి తెల్లవారుజామున గాలివానకు గోడ కూలి క్యూలో ఉన్న ఏడుగురు ప్రాణాలు కోల్పోయారు. వేసవి ఉత్సవాలకు ఏర్పాట్లు చేసేవారు ఎండకు పందిళ్ళు వేయడంతో సరిపెట్టక, గాలివానను కూడా దృష్టిలో ఉంచుకొనవలసిన అవసరాన్ని ఆ దుర్ఘటన తెలియజేసింది.

తుపానులకు కూడా మే మాసం అనువైనదే. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం వద్ద తీరం దాటిన పెను తుపాను కోస్తా జిల్లాలను అతలాకుతలం చేసింది. 2010 మే 20న లైలా బాపట్ల సమీపంలో తీరం దాటగా, 2022 మే మాసంలో అసని బలహీనపడి మచిలీపట్నం ప్రాంతాన్ని తాకింది. 2016లో రోను తీరం వెంబడి సాగిపోతూ విశాఖ ప్రాంతానికి వాన ఇచ్చి, బంగ్లాదేశ్‌లో తీరం దాటింది. తాటిపూడి, రైవాడ, మేహాద్రిగెడ్డ, ముడసర్లోవ జలాశయాలలో నీటిమట్టం తగ్గే రోజులు గనుక నగరపాలక సంస్థకు అట్టి వాన ఎంతో విలువైనది.

చేపల సంతానోత్పత్తి కాలం దృష్ట్యా తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవల వేటపై నిషేధం అమలులో ఉంటుంది. 2015కు ముందు 47 రోజులున్న ఈ నిషేధం అప్పటి నుండి 61 రోజులకు పెరిగింది. దీంతో మే మాసమంతా విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మరపడవలు లంగరు వేసి ఉంటాయి. మత్స్యకారులు వలలు బాగు చేసుకొంటూ, పడవలకు మరమ్మతులు చేయించుకొంటూ నైరుతి గాలి జాడ కోసం ఎదురుచూస్తారు. నైరుతి రుతుపవనాలు సాధారణంగా జూన్ 1 నాటికి కేరళను తాకి, జూన్ రెండవ వారానికి ఉత్తర కోస్తాకు విస్తరిస్తాయి. 2025లో అవి మే 24నే కేరళకు, 26న రాయలసీమకు చేరుకున్నాయి. అంత ముందుగా వచ్చినా, ఆలస్యంగా వచ్చినా హార్బర్ నుండి మరపడవలు కదిలేది జూన్ 15నే.