హౌస్ రెంట్: ఆన్‌లైన్‌లో టులెట్ ప్రకటన పెడుతున్నారా? ఇవి రాయకపోతే ఫోన్లు తప్ప టెనెంట్ రాడు!

గేటుకు టులెట్ బోర్డు కడితే వీధిలో వాళ్లే చూస్తారు. నోబ్రోకర్, 99 ఏకర్స్ లాంటి సైట్లలో పెడితే ఊరంతా చూస్తుంది. అక్కడ ‘డబుల్ బెడ్‌రూమ్, మంచి ఇల్లు’ అని రాసి వదిలేస్తే రోజంతా ఫోన్లకు జవాబు చెప్పుకోవడమే మిగులుతుంది.

హైదరాబాద్‌లో ముందు అడిగేది నీళ్ల గురించే. మంజీరా కనెక్షన్ ఉందా, బోరు నీళ్లేనా, ఎండాకాలం ట్యాంకర్ తెప్పించుకోవాలా.. ఉన్నది ఉన్నట్టు రాసేయండి. ఎన్నో అంతస్తు, లిఫ్ట్, పార్కింగ్, అద్దె కాకుండా మెయింటెనెన్స్ ఎంత, అడ్వాన్స్ ఎన్ని నెలలు అన్నదీ చెప్పాలి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కు ఎంత పట్టుకుంటారో కూడా రాయండి. చాలామంది దాచేది ఇదే, తర్వాత గొడవలు వచ్చేదీ ఇక్కడే. ఫొటోలు పగటి వెలుతురులో తీయండి. బాత్‌రూమ్‌ది కూడా.

ప్రకటన పెట్టాక ఇంకో బెడద ఉంది. ‘ఆర్మీలో చేస్తున్నా, ట్రాన్స్‌ఫర్ అయింది, అడ్వాన్స్ ఇప్పుడే వేస్తా’ అంటూ ఇల్లు చూడకుండానే ఎవరైనా క్యూఆర్ కోడ్ పంపితే స్కాన్ చేయొద్దు. యూపీఐలో డబ్బులు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే మీ ఖాతాలోంచే పోతాయి. అలా పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.