ఎంజీ బానెట్ కింద అంబాసిడర్ ఇంజన్

1955 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో ఎంజీఏ స్పోర్ట్స్ కారును చూసినవాళ్ల కళ్లన్నీ దాని ఒంపుల మీదే నిలిచాయి. అప్పటిదాకా ఎంజీ స్పోర్ట్స్ కారు అంటే పాతకాలపు మడ్‌గార్డులే. సిడ్ ఎనెవర్ రూపకల్పన చేసిన ఈ కొత్త బండి నేలను అంటిపెట్టుకుని పోతున్నట్టుంది. బానెట్ ఎత్తితే మాత్రం కొత్తదేమీ కనబడదు. ఎంజీ మాతృసంస్థ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ తన కుటుంబ కార్లలో పెడుతున్న 1489 సీసీ బీ-సిరీస్ ఇంజనే అక్కడా ఉంది. ఈ ఇంజన్ మనకు బాగా తెలిసిందే. హిందుస్థాన్ మోటార్స్ ఉత్తరపారాలో దశాబ్దాల పాటు అంబాసిడర్‌కు బిగించింది దీన్నే. కలెక్టరుగారి కారుకూ, స్టేషన్ బయట టాక్సీకీ, ఆక్స్‌ఫర్డ్ దగ్గరి అబింగ్డన్‌లో తయారైన స్పోర్ట్స్ కారుకూ ఒకటే గుండె.

ఇది పిసినారితనం కాదు, లెక్క. ఇంజన్ కొత్తగా చేయాలంటే పోత అచ్చుల నుంచి బ్లాకును కోసి రంధ్రాలు వేసే యంత్రాల వరుస దాకా అన్నీ కొత్తగా పెట్టుకోవాలి. ఆ ఖర్చు లక్షల సెడాన్ల మీద పరిస్తే ఒక్కో బండికి పడేది స్వల్పం. ఏడేళ్లలో లక్షకు కాస్త పైచిలుకు అమ్ముడైన ఎంజీఏ ఒక్కదాని మీదే వేస్తే, పన్నులతో కలిపి 844 పౌండ్లకు దాన్ని ఇవ్వడం కుదిరే పని కాదు.

అంబాసిడర్‌లో 55 హార్స్‌పవర్ ఇచ్చిన ఇంజన్ ఎంజీఏలో మొదట 68, కొద్దికాలానికే 72 ఇచ్చింది. కిటుకంతా ఊపిరి పీల్చడంలో ఉంది. నాలుగు సిలిండర్లకు గాలి, పెట్రోలు వెళ్లడానికి నాలుగు దారులుంటే బాగుండేది. పోతపని చవకగా తేలాలని సిలిండర్లను పైన మూసే ఈ హెడ్‌లో రెండే పెట్టారు. రెండు వాటాల ఇంటికి ఒకే గుమ్మం ఉన్నట్టు, ఒకటీ రెండూ సిలిండర్లు ఒక దారిని, మూడూ నాలుగూ మరో దారిని పంచుకుంటాయి. పొగ బయటికి పోయే దారులు మూడు, అవీ హెడ్‌కు అదే పక్కన. ఎంజీ వాళ్లు ఆ దారుల అమరికను మార్చలేదు. ఒక్కో దారికి ఒక్కో ఎస్‌యూ కార్బురేటర్ తగిలించారు, కంప్రెషన్ పెంచారు. లోపాన్ని అలాగే ఉంచి దాని చుట్టూ పనిచేశారు. ఆ ఓర్పు నాకు ముచ్చటగా అనిపిస్తుంది.

ఇంకో సంగతి. తర్వాతి ఏళ్లలో ఈ ఇంజన్ 1588, 1622, చివరికి 1798 సీసీకి పెరిగింది. ప్రతిసారీ సిలిండర్ వెడల్పే పెంచారు. పిస్టన్ పైకీ కిందికీ నడిచే దూరం, అంటే స్ట్రోకు, 88.9 మిల్లీమీటర్ల దగ్గరే ఉండిపోయింది.

కుటుంబ కార్ల ఇంజన్‌తోనే సరిపెట్టుకోవాలన్న గీతను అబింగ్డన్ దాటింది ఒకే ఒక్కసారి. 1957 ఆగస్టులో అమెరికాలోని బానెవిల్ ఉప్పు మైదానం మీద స్టిర్లింగ్ మాస్ ఎంజీ రికార్డు కారు ఈఎక్స్ 181ను గంటకు 245 మైళ్ల వేగంతో నడిపాడు. దాని లోపల సూపర్‌ఛార్జర్ తగిలించిన ట్విన్ కామ్ ఇంజన్ ఉంది. మరుసటి ఏడాదే ఆ ట్విన్ కామ్ షోరూముకు వచ్చింది. కింద బీ-సిరీస్ ఇనుప బ్లాకు, పైన అల్యూమినియం హెడ్, అందులో రెండు కామ్‌షాఫ్టులు, 1588 సీసీ, 108 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. ధర పన్నులతో 1,283 పౌండ్లు.

కొన్నవాళ్లకు అసలు కష్టాలు ఆ తర్వాత మొదలయ్యాయి. 9.9 కంప్రెషన్‌కు మేలురకం పెట్రోలు కావాలి. ఇగ్నిషన్ టైమింగ్ కాస్త అటూ ఇటూ అయినా ఒప్పుకోదు. బానెట్ కింద చెయ్యి దూరే సందు లేదు. మామూలు ఎంజీలకు అలవాటు పడిన వీధి మెకానిక్ దీన్నీ అలాగే సర్దాడు. పిస్టన్ల నడినెత్తిన చిల్లులు పడ్డాయి. కొన్ని వేగాల దగ్గర ఇంజన్ వణుకుకు కార్బురేటర్లలో పెట్రోలు నురగెత్తి మిశ్రమం పలచబడేదని తర్వాతి రోజుల్లో ఈ బళ్లను బాగుచేసినవాళ్లు చెబుతారు. కంపెనీ కంప్రెషన్ తగ్గించి సరిచేయబోయింది గానీ అప్పటికే పేరు పోయింది. 2,111 బళ్లతో 1960లో కథ ముగిసింది. మిగిలిపోయిన డిస్క్ బ్రేకుల ఛాసీలకు మామూలు బీ-సిరీస్ పుష్‌రాడ్ ఇంజన్ బిగించి అమ్మేశారు.

అదే దశకంలో ఇటలీలో ఆల్ఫా రోమియో తన చిన్న జూలియెట్టాకు ట్విన్ కామ్ ఇంజనే పెట్టి నిలబడింది. ఎలాగంటే, ఆ ఇంజన్ దాని స్పోర్ట్స్ కారులోనే కాదు, నాలుగు తలుపుల సెడాన్‌లోనూ ఉండేది. ఖర్చు పంచుకునే తోడు దొరికింది. ఎంజీ ట్విన్ కామ్‌కు అలాంటి తోడు ఎన్నడూ దొరకలేదు. చిల్లుపడ్డ పిస్టన్ల కంటే ఆ ఒంటరితనమే దాన్ని ఎక్కువ దెబ్బతీసిందని నా అనుమానం. నిదానంగా సరిదిద్దుకునేందుకు కావలసిన డబ్బూ గడువూ అమ్మకాల నుంచే రావాలి కదా.

1962లో వచ్చిన ఎంజీబీకి మళ్లీ పుష్‌రాడే. మొదట్లో దాని క్రాంక్‌షాఫ్ట్ మూడు బేరింగుల మీద తిరిగేది. 1964లో ఐదయ్యాయి. అదేమీ స్పోర్ట్స్ కారు మీది మమకారంతో చేసిన పని కాదు. ఆ ఏడాది వచ్చిన ఆస్టిన్ 1800 సెడాన్‌కు ఐదు బేరింగుల ఇంజన్ కావలసి వచ్చింది, ఎంజీబీకి అది కలిసొచ్చింది. 1967లో మూడు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్‌తో ఎంజీసీ తెచ్చారు. ముక్కు బరువెక్కి మలుపుల్లో మొండికేస్తోందని విమర్శకులు తిట్టిపోశారు. రెండేళ్లకే మూతబడింది. 1973లో రోవర్ అల్యూమినియం వీ8 దొరికింది. మూడున్నర లీటర్ల ఆ ఇంజన్ బరువు పాత నాలుగు సిలిండర్ల ఇనుప ఇంజన్ బరువుకు దాదాపు సమానం. అందినవాటిలో ఇదే సరైనదని నేనంటాను. అయినా ఎంజీలను అన్నిటికంటే ఎక్కువగా కొన్న అమెరికాలో దాన్ని అమ్మకానికే పెట్టలేదు. మూడేళ్లలో రెండున్నర వేల బళ్లు మాత్రం తయారయ్యాయి. అమెరికాకు పాత 1798 సీసీ ఇంజనే వెళ్లింది. కాలుష్య నియమాల కోసం 1975 నుంచి రెండు కార్బురేటర్ల స్థానంలో ఒక్కదాన్నే పెట్టి, 1980లో అబింగ్డన్ ఫ్యాక్టరీ మూసేదాకా దానితోనే నెట్టుకొచ్చారు.